చార్టు తయారయ్యాక

లాలాగూడ రైల్వే మైదానంలో
వేప నీడన ఇనుప కుర్చీ నాది.
మోకాళ్ళ మీద స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిలు.
ముప్పై ఒక్క ఏళ్ళు టీటీఈగా తిరిగినవాణ్ణి,
జాబితా లేకపోతే
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఇది క్రికెట్ కాదు, బేస్‌బాల్.
దారిన పోయేవాళ్ళు గేటు దగ్గర ఆగి
"వికెట్లేవి?" అని అడిగి పోతారు.
ఎనిమిది జట్లు,
పట్టాలకు ఇటు నాలుగు, అటు నాలుగు.
ఇన్నేళ్ళూ గుంపుకొక్కరు, ఫైనలొక్కటి, అంతే.
ఈ ఎండాకాలం మెర్విన్ సారు
చాయ్‌లో ఉస్మానియా ముంచుతూ అన్నాడు:
"రెండో స్థానాల్లో మెరుగైనవాడికీ ఒక సీటిద్దాం.
వైల్డ్ కార్డ్."
"అంటే ఆర్ఏసీ," అన్నాను.
ఆయన నవ్వాడు.
నాకు తెలుసు ఆర్ఏసీ అంటే:
కూర్చోనిస్తారు, పడుకోనివ్వరు,
ఒకే బెర్తు మీద ఇద్దరి మోకాళ్ళు
తెల్లారేదాకా ఒరుసుకుంటూనే ఉంటాయి.

నిజం చెప్పాలి, మైదానం బతికింది.
వేరే ఏళ్ళల్లో నాలుగో ఆదివారానికే
ఓడిన జట్లు కిట్టు సంచులు అటక మీదేసి
పెళ్ళిళ్ళకు పోయేవి.
ఈసారి చివరి ఆట దాకా
ఎవరో ఒకరు నా భుజం మీంచి
పుస్తకంలోకి తొంగిచూస్తూనే ఉన్నారు,
చెమట చుక్కలు అంకెల మీద రాలేలా.

మెట్టుగూడ ఆరుకు ఆరు గెలిచింది.
లాలాపేట ఓడినవి రెండే,
రెండూ మెట్టుగూడ చేతిలోనే.
పక్కింట్లో పిడుగు పుడితే
వీళ్ళ తప్పేముంది?
ఒప్పుకుంటాను.
ఒప్పుకున్నాక కూడా గొంతులో ఏదో నలుసు.

ఫైనల్లో, ఏడో ఇన్నింగ్స్‌లో,
మెట్టుగూడ ఒక్క పరుగు ముందు.
ఇద్దరవుట్. రెండు, మూడు బేసుల్లో లాలాపేట పిల్లలు.
ఐలేశు విసిరాడు.
ఖలీలు నేలబారుగా కొట్టాడు.
బంతి కంకర రాయికి తగిలి
షార్ట్‌స్టాప్ భుజం మీంచి ఎగిరిపోయింది.
ఇద్దరూ ఇల్లు చేరారు.
రెండు నెలల లెక్కను
శనగగింజంత రాయి కొట్టేసింది.

పేకాటలో మా నాయన అనేవాడు:
"లైఫ్ లేనోడికి జోకర్లెన్నుంటే ఏంది,
ఆట తిప్పలేడు."
ఖలీలు జట్టుకు లైఫ్ లేదనగలనా,
తార్నాకను పండబెట్టి మరీ వచ్చారు గదా!
మరి ఐలేశు?
అందరికన్నా పొడుగు లైఫ్ పేర్చుకుని
ఒక్క ముక్క కోసం కూచున్నవాడు.

వచ్చాడు, టోపీ తీయకుండా.
"అంకుల్, మా ఆరు ఏడ రాసిన్రు?"
పుట తిప్పాను.
వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకున్నాడు.
"మంచిగ రాసిన్రు," అన్నాడు.
అవతల కప్పు చుట్టూ డప్పు మోగుతోంది.

"వచ్చే ఏడూ ఉంచుదామా?" అడిగాడు మెర్విన్ సారు.
"ఈసారి ఇద్దరికిద్దాం."
ఇద్దరికిస్తే మూడోవాడొస్తాడు సారూ.
కాజీపేటలో ఒక రాత్రి
ఆఖరి ఖాళీ బెర్తు ఒకాయనకు రాసి తలెత్తితే,
తలుపు దగ్గర పసిబిడ్డతో ఒకామె,
వెయిటింగ్ లిస్టులో ఆ తర్వాతి నంబరు.
అడగలేదు ఆమె.
నా పెన్సిలు వైపు చూసింది, అంతే.

ఈ ఏడు ఆ నంబరు సీతాఫల్‌మండిది.
లాలాపేటతో సమానంగా నాలుగు గెలుపులు,
పరుగుల తేడాలో ఒక్కటంటే ఒక్కటి తక్కువ.
కెప్టెన్ భిక్షపతి ఫైనలుకు కూడా వచ్చాడు,
మొదటినించీ చివరిదాకా నిలబడే చూశాడు,
అందరూ పోయాక మెల్లగా దగ్గరికొచ్చి
"ఇంకోపాలి కూడుండ్రి సార్, జర" అన్నాడు.

ఇంటికొచ్చాను.
ఫ్యాను కింద పుటలు ఎగరకుండా
కళ్ళజోడు పెట్టె బరువు పెట్టి
పై నించి కిందికి కూడాను,
కింది నించి పైకి కూడాను.

ఒకటే.